25 మంది మెరియాలు: గంజాం దారుల్లో ఆరు రోజులు

మొదటి రోజు, బరంపురం

1901 జనాభా లెక్కల్లో గంజాం ప్రాంతంలో 25 మంది తమని ‘మెరియా’లుగా రాయించుకున్నారు. మెరియా అంటే బలి ఇవ్వడం కోసం కొనుక్కొచ్చి పెంచే మనిషి. ఆ 25 మంది అలా బలి కావలసినవాళ్ళ సంతానం. వాళ్ళ అమ్మనో తాతనో సర్కారు మనుషులు విడిపించి కొండ కిందికి తీసుకొచ్చారు. బతికారు, పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు. ఏళ్ళు గడిచాక లెక్కలు రాసేవాడు గుమ్మంలోకి వచ్చి మీరెవరని అడిగితే ఆ పిల్లలు చెప్పుకున్న పేరు మెరియా.

చరిత్రలో జరిగిన ఘోరాలు, వింత చావులు, పాడుబడ్డ సమాధులు, ఇలాంటివి చదవడం నాకు కాలేజీ రోజుల నుంచి అలవాటు. అప్పట్లో మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో మెరియా స్తంభం చూశాను. నల్లబడిన కర్ర, దాని మీద ఏనుగు తొండంలా ముందుకు చాచిన దూలం. దాని ముందు చాలాసేపు నిలబడి, హాస్టల్‌కి వచ్చి అన్నం తినలేకపోయాను. చాన్నాళ్ళకి ఈ 25 అంకె కంటబడింది. అప్పటి నుంచి వదల్లేదు. మనుషుల్ని ఎలా చంపారో పేజీలకి పేజీలు రాసినవాళ్ళు, బతికి మిగిలినవాళ్ళకి ఒక్క వాక్యం ఇచ్చారు. ఆ వాక్యం పట్టుకుని బయల్దేరాను.

విజయనగరంలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి బరంపురం. స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది కానీ మనవాళ్ళెవరూ అలా అనరు. మావయ్య స్కూటర్ మీద వచ్చారు. ఆయన పుట్టింది, చదివింది, బ్యాంకులో పనిచేసి రిటైరయింది అన్నీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పక్కింటి పట్టు నేతవాళ్ళదీ తెలుగే. ఎన్ని తరాల కింద గోదావరి వైపు నుంచి వచ్చారో గానీ మగ్గం మాటలన్నీ ఇంకా తెలుగులోనే ఉన్నాయి.

అత్త కూర కలుపుతూ పసుపు డబ్బా మూత తీసింది. మా ఇంట్లో ప్యాకెట్ పసుపు కళ్ళు చెదిరేంత పచ్చగా ఉంటుంది. ఇది అంత మెరవడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం వాన పడ్డ మట్టిలోంచి వచ్చినట్టు ఘాటుగా ఉంది.

“కొంధమాల్ పసుపమ్మా. రంగు అంత ఉండదు గానీ గుణం చాలా ఎక్కువ. మేమంతా ఇదే వాడతాం” అంది అత్త.

2019లో ఈ పసుపుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ పసుపు గురించి నేను చదివిన సంగతి అన్నం దగ్గర చెప్పేది కాదు. ఊరుకున్నాను.

రెండో రోజు, గంజాం, పొడంపేట

జిల్లాకి పేరిచ్చిన గంజాం ఊరు ఇప్పుడు హైవే పక్కన చిన్న ఊరు. బరంపురం నుంచి ఛత్రపూర్ మీదుగా ముప్ఫై కిలోమీటర్లకి పైనే. ఋషికుల్య నది సముద్రంలో కలిసేది ఇక్కడే. 1768లో ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన మొదటి రెసిడెంటు ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ ఇక్కడ నక్షత్రం ఆకారంలో కోట కట్టాడు. ఆఫీసులు, గోడౌన్లు, దొరల బంగళాలు, ఓడలు. 1815లో ఊరికి జ్వరం పట్టుకుంది. పడ్డవాళ్ళు లేవడం లేదు. చివరికి జిల్లా ఆఫీసుల్నే ఎత్తేసి బరంపురం పట్టుకుపోయారు. మావయ్య కుటుంబం లాంటి వాళ్ళు బరంపురంలో గుమాస్తాలుగా, ప్లీడర్లుగా స్థిరపడడానికి మూలం ఒక విధంగా ఆ జ్వరమే.

కోటని పోతగఢ్ అంటారు. ఒడియాలో పోతా అంటే పాతిపెట్టినది. పేరుకి తగ్గట్టే సగం నేలలోకి దిగిపోయింది. కందకంలో పిచ్చి మొక్కలు. గోడలోకి మర్రి వేళ్ళు ఎంత లోపలికి వెళ్ళాయంటే, రాయి ఏదో వేరు ఏదో తెలియకుండా కలిసిపోయాయి. మేకలు కాసుకుంటున్న ఒకతను మమ్మల్ని చూసి, ఏదైనా సర్వేకి వచ్చారా అని అడిగాడు. అంతకన్నా అక్కడ చూడడానికి ఏమీ లేదు.

నన్ను ఎక్కువసేపు ఆపింది పొడంపేట. నదీ ముఖానికి దగ్గరలో ఉన్న ఊరు. ఈ తీరంలో దాదాపు ప్రతి ఏడాదీ ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి, వాటిని చూడడానికి జనం వస్తారు. పొడంపేట మన తెలుగు జాలర్ల ఊరు. ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఊరంటే ఇప్పుడు గోడలే. సముద్రం ఏడాదికింత తినుకుంటూ వచ్చింది. 2013 అక్టోబరులో వచ్చిన ఫైలిన్ తుపాను తర్వాత జనం వెనక్కి, కొత్త కాలనీకి వెళ్ళిపోయారు. మిగిలిన గోడల్లో ఒకదానికి ఇంకా నీలం సున్నం ఉంది. ఒక గూట్లో పసుపు బొట్లు. అక్కడ దేవుడి పటం ఉండేదన్న మాట. తలుపు లేని గుమ్మంలోంచి చూస్తే నేరుగా అలలు.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. తెలుగు వినగానే ఆవిడ చెయ్యి ఆగింది.

“ఏ ఊరమ్మా మీది?”

చెప్పాను.

“మాదీ అటేపే. మా తాతలు బారువ కాడి నుంచొచ్చారంట. అదిగో, ఆ కొబ్బరిచెట్టు మొద్దు కనబడతంది సూడు. దానికవతల నాలుగడుగులేస్తే మా వంటిల్లు.”

ఆవిడ వేలు పెట్టి చూపించిన చోట నీళ్ళున్నాయి. నడుం లోతు ఉండొచ్చు. ఇంటి దగ్గర కొడుకుని పిలిచినంత మామూలుగా చెప్పింది. కొత్త కాలనీ బాగుందా అంటే, “ఇల్లు గట్టిదే. రేత్రి సముద్రం సప్పుడు ఇనబడదు, నిద్ర పట్టదు” అంది.

పోతగఢ్‌కి ఒక కథ ఉంది, గెజిటీర్‌లో చోటు ఉంది. పొడంపేటకి నోటి మాట తప్ప ఏమీ లేదు. అందుకే ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాసి పెడుతున్నాను.

మూడో రోజు, జౌగడ

పురుషోత్తంపూర్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారిలో తారాతారిణి కొండ. మావయ్యకి మొక్కు ఉంది కాబట్టి ముందు అక్కడికి వెళ్ళాం. పుట్టు వెంట్రుకలు తీయించుకున్న పసిపిల్లలు గుండ్ల మీద చందనంతో ఏడుస్తున్నారు. కొండ మీద నుంచి ఋషికుల్య పెద్ద వంపు తిరిగి కనిపించింది.

జౌ అంటే లక్క. జౌగడ లక్కకోట. పాండవుల లక్క ఇల్లు ఇదేనని ఊళ్ళో కొందరంటారు. ఇంకో కథ మావయ్య చెప్పారు. కోట గోడలకి లక్క పూసి ఉండేదట, శత్రువులు ఎక్కబోతే జారిపోయేవారట. ముట్టడి రోజులు గడుస్తుంటే పాలమ్ముకునే ఒకామె గోడ రహస్యం చెప్పేసిందట. నిప్పు పెడితే లక్క కరిగిపోయింది, కోట పడిపోయింది. చిన్నప్పుడు వాళ్ళ బామ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన ఆ పాలామె ఏమైందని అడిగేవారట. బామ్మ ఎప్పుడూ జవాబు చెప్పలేదట.

చుట్టూ మట్టికట్ట మిగిలింది. మధ్యలో పెద్ద బండ, దానిపై కప్పు, ముందు ఇనుప కటకటాలు. బండ మీద అశోకుడి శాసనం. మొదట రాయి పగుళ్ళే కనిపిస్తాయి. ఎండ పక్క నుంచి పడేసరికి అక్షరాలు తేలాయి. కూడిక గుర్తులా ఉన్నది ‘క’. సున్నా మీద రెండు కొమ్ములు పెట్టినట్టున్నది ‘మ’. రెండు వేల రెండు వందల ఏళ్ళ కిందటి ‘మ’ని కటకటాల సందులోంచి చూస్తూ, అలవాటుగా చేత్తో గాల్లో గీశాను.

ఇప్పుడు అసలు సంగతి. క్రీ.పూ. 261 ప్రాంతంలో అశోకుడు కళింగ మీద యుద్ధం చేశాడు. లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని పట్టి తరలించుకుపోయారని, అంతకి ఎన్నో రెట్లమంది తర్వాత పోయారని, దానికి తను బాధపడుతున్నానని ఆయన తనంతట తనే రాయించాడు. అది 13వ శాసనం. షాబాజ్‌గఢీలో ఉంది, గిర్నార్‌లో ఉంది, కాల్సీలో ఉంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. కళింగలో మాత్రం లేదు. ఇక్కడ జౌగడలో లేదు, భువనేశ్వర్ దగ్గర ధౌలిలో లేదు. 11, 12, 13 శాసనాలు ఈ రెండు చోట్లా తీసేసి, వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు పెట్టారు. జౌగడ బండ మీద వాటిలో సమాపా, అంటే ఇక్కడి అప్పటి పట్టణంలోని అధికారులకి ఆజ్ఞలున్నాయి: ఎవరినీ ఊరికే జైల్లో పెట్టకండి, హింసించకండి, మనుషులందరూ నా బిడ్డలే.

అంటే కర్నూలు కొండల్లో పశువులు కాసుకునేవాడికి కళింగలో ఎందరు చచ్చారో చెప్పిన రాజు, ఆ చచ్చినవాళ్ళ కొడుకులకి చెప్పలేదు. చెప్పలేకపోయాడేమో. నాకైతే ఇది సిగ్గు అనిపిస్తుంది. మావయ్య ఒప్పుకోలేదు. “తండ్రిని చంపినవాడు వచ్చి, మీ నాన్నని ఇలా చంపాను, చాలా బాధగా ఉంది అంటే వినగలమా? దానికన్నా జైళ్ళు సరిచేయడమే మేలు” అన్నారు. ఇద్దరం కాసేపు గట్టిగానే వాదించుకున్నాం. ఆటో అబ్బాయి మేం కొట్టుకుంటున్నామని దిగి వచ్చాడు.

లక్షన్నర మంది. బతికున్నవాళ్ళు. ఎక్కడికి తీసుకెళ్ళారు, అక్కడ తమని ఏమని చెప్పుకున్నారు? చుట్టూ వరి మడుల్లో ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. ఆటో కదిలేదాకా అదే నా బుర్రలో తిరిగింది.

నాలుగో రోజు, భంజనగర్

అస్కా మీదుగా రెండున్నర గంటల బస్సు. ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరు మీద భంజనగర్ అన్నారు. అంతకు ముందు ఈ ఊరి పేరు రసెల్‌కొండ. జార్జి రసెల్ అనే మద్రాసు దొర, మన తెలుగు కొండ. ఈ ఊరున్న పాత ఘుముసర్ రాజ్యం నుంచే కొండల్లోకి కంపెనీ పటాలాలు ఎక్కాయి. ఆ కొండల్లోని ఆదివాసులు కోందులు, మెరియాలని బలి ఇచ్చింది వాళ్ళే. కోందులనే పేరు కూడా మన కొండ నుంచే వచ్చిందంటారు. వాళ్ళ కుయి భాష తెలుగుకి చుట్టమే.

కథ పేష్కష్ బాకీతో మొదలైంది. రాజు ధనంజయ భంజ కప్పం కట్టలేదని 1835లో కంపెనీ సేన వచ్చింది. ఆయన కొండల్లోకి పారిపోయి కోందుల అండలో ఉంటూ అక్కడే పోయాడు. కోందులు తిరగబడ్డారు. రసెల్ ఊళ్ళు తగలబెట్టించాడు, ధాన్యం తగలబెట్టించాడు, మనుషుల్ని ఉరి తీయించాడు. ఆ గొడవలో, 1836లో ఆయన పంపిన రిపోర్టులతో మెరియా సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది.

మెరియా పిల్లల్ని ఎక్కువగా కింద మైదానం నుంచి పాణో కులపు వర్తకులు తెచ్చి అమ్మేవారు. కొనాలి. కొనకుండా తెచ్చిన మనిషి బలికి పనికిరాడు. వెల పశువులు, ఇత్తడి పాత్రల రూపంలో ఇచ్చేవారు. కొన్నాక ఆ పిల్లని, పిల్లాణ్ణి బాధపెట్టేవారు కాదు. ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంట్లో అన్నం పెట్టేవారు, ముద్దు చేసేవారు. పెద్దయితే భూమి ఇచ్చి, ఇంకో మెరియాతో పెళ్ళి చేసేవారు. వాళ్ళకి పుట్టినవాళ్ళూ మెరియాలే. ఏళ్ళకేళ్ళు అలా గడిచిపోవచ్చు. గడవకపోనూ వచ్చు.

బలి తారి పెనూకి, అంటే భూదేవికి. పది పన్నెండు రోజుల ముందు, అప్పటిదాకా పెరగనిచ్చిన జుట్టు తీసేవారు. ఆ రోజు ఒంటికి నూనె, నెయ్యి, పసుపు పట్టించి, పూలు పెట్టి ఊరేగించేవారు. ఆ మనిషి ఒంటి మీద పసుపు ముద్దలో చిటికెడు దొరికితే చాలని ఆడవాళ్ళు ఎగబడేవారని రాశారు. నల్లమందు ఇచ్చేవారు. నిన్ను వెల ఇచ్చి కొన్నాం, పాపం మాకు అంటదు అనే అర్థం వచ్చే మాటలు చదివేవారు. తర్వాత జరిగేది నేను రాయను. మాంసం అదే రోజు ఊరూరికీ మోసుకెళ్ళి పొలాల్లో పాతేవారన్నది మాత్రం రాయాలి, ఎందుకంటే పసుపు సంగతి అక్కడే ఉంది. నెత్తురు పడకపోతే పసుపు దుంపకి ఎర్రటి రంగు రాదని వాళ్ళ నమ్మకం.

బజారులో ఒక కొట్టు ముందు పసుపు కొమ్ముల గోనెసంచి ఉంది. ఒక కొమ్ము తీసి విరిచాను. టక్‌మని విరిగింది. లోపల ముదురు నారింజ రంగు, మధ్యలో ఒక వలయం, పైన ముడతలు ముసలివాళ్ళ వేలి కణుపుల్లాగా. అది చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కొట్టతను ఎన్ని కిలోలు కావాలన్నాడు.

1837 నుంచి 1854 దాకా 1,506 మంది మెరియాలని విడిపించినట్టు లెక్క. మగవాళ్ళు 717, ఆడవాళ్ళు 789. ఈ పని కోసం 1845లో ప్రత్యేకంగా ఒక ఏజెన్సీయే పెట్టారు. దానికి అధికారి మొదట మాక్‌ఫర్సన్, ఆయన తర్వాత కాంప్‌బెల్. ఎవరి వల్ల ఎంత జరిగిందని ఇద్దరి మధ్యా పెద్ద తగవు, ఒకరి మీద ఒకరు రాసుకున్నారు. గంజాం మన్యంలో రికార్డయిన చివరి మెరియా బలి 1852లో. తర్వాత మనిషి స్థానంలో దున్నపోతు వచ్చింది.

మధ్యాహ్నం హోటల్లో భోంచేస్తూ మావయ్య ఒక మాట అన్నారు. “అమ్మాయ్, కోందులు చంపింది వెయ్యిసార్లు రాశారు. వీళ్ళు కాల్చిన ఊళ్ళలో ఎంతమంది పోయారో అంత శ్రద్ధగా రాశారా?” రాయలేదు. ఇప్పటి పరిశోధకులు కొందరు అడిగే ప్రశ్న కూడా అదే. మెరియా కథ ఎంత భయంకరంగా చెప్తే, కొండల మీదికి తుపాకులు పంపడానికి అంత న్యాయం దొరికేది. అలాగని బలులు అబద్ధమని నేను అనుకోను. 789 మంది ఆడపిల్లలు అబద్ధం కాదు. రెండూ జరిగాయి. రెండూ ఈ కొండల్లోనే.

కోందుల తరఫున పోరాడిన నాయకుడు దొర బిసోయి పట్టుబడి ఖైదులోనే పోయాడు. ఆయన సోదరుడి కొడుకు చక్ర బిసోయి మాత్రం కంపెనీవాళ్ళకి చిక్కలేదు. ఏళ్ళ తరబడి వెతికి వెతికి ఊరుకున్నారు.

సాయంత్రం రిజర్వాయర్ గట్టు మీద నడిచాం. అవతల కొండలు వరసగా, ఒకదాని వెనక ఒకటి. చీకటి పడేదాకా మా ఇద్దరిలో ఎవరం మాట్లాడలేదు.

అయిదో రోజు, ఇంట్లో

పొద్దుటి నుంచి వాన. బయటికి వెళ్ళే వీలు లేక మావయ్య బీరువాలో పాత పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాం.

విడిపించిన మెరియా పిల్లల్లో కొందరిని బరంపురంలోనే, జనరల్ బాప్టిస్ట్ మిషనరీల దగ్గర పెట్టారు. చదువు చెప్పారు, పని నేర్పారు, పెళ్ళిళ్ళు చేశారు. కొందరికి భూములిచ్చి కిందే వ్యవసాయంలో పెట్టారు. అత్త వింటూ, “అయితే మన బజార్లో తిరిగే వాళ్ళలో ఎవరి ముత్తవ్వో అయ్యుంటుంది” అంది. ఆ మాట తర్వాత ఆవిడ పసుపు డబ్బా వైపు చూసింది. నాలుగో రోజు కథ రాత్రే చెప్పేశాను. డబ్బా అయితే పారేయలేదు. “పాపం పసుపుదా?” అంది.

ఇంకో పేరు ఆ రోజే దొరికింది. 1866 కరువు. ఒడిషాలో దాన్ని నఅంక దుర్భిక్షం అంటారు. తీరంలోని కటక్, పూరీ, బాలాసోర్ జిల్లాల్లో మూడింట ఒక వంతు జనం పోయారు. అప్పట్లో అవి బెంగాల్ కింద, గంజాం మద్రాసు కింద. వర్షాకాలం వచ్చేసరికి ఓడల్లో తెచ్చిన బియ్యం ఒడ్డుకి చేర్చడమే కష్టమైంది. నఅంక అంటే తొమ్మిదో అంకె, పూరీ గజపతి పాలనలో తొమ్మిదో ఏడు. ఆ లెక్క మామూలు లెక్క కాదు. మొదటి ఏడాదిని 2 అని మొదలుపెడతారు, 6 వదిలేస్తారు, 16 వదిలేస్తారు, 20 వదిలేస్తారు. అలా లెక్కేస్తే తొమ్మిదో అంకం నిజానికి ఏడో ఏడు. జనం కరువుకి కూడా రాజు లెక్కే పెట్టుకున్నారు. ఆ రాజు దివ్యసింహదేవుడు, అప్పటికి చిన్న పిల్లవాడు. పెద్దయ్యాక ఒక సాధువు హత్య కేసులో శిక్షపడి, 1878లో అండమాన్ వెళ్ళాడు. జగన్నాథుడి రథం ముందు బంగారు చీపురుతో ఊడ్చే వంశం.

కానీ నేను చెప్పదలుచుకున్న పేరు రాజుది కాదు. కరువులో సర్కారు గంజి కేంద్రాలు పెట్టింది. ఛత్రాలు, మన సత్రాలు. అక్కడ ఎవరు వండారో, పక్కన ఎవరు కూర్చున్నారో చూడకుండా తిన్నవాళ్ళు బతికారు. వానలు పడ్డాయి, పంటలు వచ్చాయి, ఊళ్ళకి తిరిగి వెళ్ళారు. కులాలవాళ్ళు రానివ్వలేదు. సత్రంలో తిన్నారని వెలేశారు. అలా వెలిపడ్డవాళ్ళందరూ కలిసి వేరే కులమే అయ్యారు. ఛత్రఖియా, అంటే సత్రంలో తిన్నవాళ్ళు.

మెరియా, ఛత్రఖియా. రెండు పేర్లకీ అర్థం ఒకటే: వీళ్ళు చచ్చిపోవలసింది, బతికారు.

అత్త వేడివేడిగా పకోడీలు తెచ్చి పెట్టింది. మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “మా నాన్న సత్రం భోజనం అంటే ముట్టేవారు కాదు. ఎందుకో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు” అన్నారు.

ఆరో రోజు, పర్లాకిమిడి

గుణుపురం వెళ్ళే రైల్లో, ఆంధ్రాలోకి వచ్చి నౌపడా దగ్గర మళ్ళీ పడమరకి తిరిగి పర్లాకిమిడి. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న గేజి లైను ఇది. ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. ఊరు దాటగానే పాతపట్నం, అది మనది. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడినప్పుడు గీత ఇక్కడ పడింది.

ఈ ఊరంటే మనకి గిడుగు రామమూర్తిగారు. రాజావారి స్కూల్లో చెప్తూ సవరల భాష నేర్చుకుని, వాళ్ళ కోసం సొంత డబ్బుతో బడులు పెట్టి, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. మన్యం జ్వరానికి వేసుకున్న క్వినైన్ వల్ల ఆయనకి చెవులు పోయాయంటారు. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవుడు. ఈ ప్రాంతాన్ని ఒడిషాలో కలపగానే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు.

సవరల్లో చనిపోయినవాళ్ళు వెంటనే వెళ్ళిపోరు. ఇంటి లోపలి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మ వేస్తారు. మనుషులు, ఏనుగులు, నెమళ్ళు, సూర్యుడు, మధ్య మధ్య సైకిళ్ళు కూడా. ఆ బొమ్మ పోయినవాళ్ళకి ఇల్లు. ఎలా చనిపోయారన్న దాన్ని బట్టి వాళ్ళు చేరే చోటు ఉంటుంది. పూనకం వచ్చే ఆవిడ నోటి ద్వారా వాళ్ళు మాట్లాడతారు. బతికున్నవాళ్ళు ఎదురు కూర్చుని జవాబిస్తారు, పోట్లాడతారు, ఏడుస్తారు. ఇది ఒక రోజుతో అయిపోదు. ఏళ్ళ తరబడి సాగుతుంది, కోపం తగ్గేదాకా, ప్రేమ తగ్గేదాకా. ఇప్పుడు సవరల్లో చాలామంది క్రైస్తవులయ్యారు.

బజారులో ఒక సవర ఆవిడ చింతపండు, పసుపు కొమ్ములు పెట్టుకుని కూర్చుంది. అరవై ఉండొచ్చు. చక్కటి తెలుగు మాట్లాడింది. పసుపు బేరం చేస్తూ మెల్లగా అడిగాను, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు పోయాక మాట్లాడేవారట కదా అని.

“మా అమ్మ మాట్లాడింది. మూడేళ్ళు. ఇప్పుడు మేం చర్చికెళ్తాం, మాట్లాడం.”

“ఏం అడిగేదమ్మా?”

ఆవిడ కొమ్ములు తూకంలో వేస్తూ కాస్త ఆలోచించింది.

“చింతపండు గింజ తీశారా అని అడిగేది. పిల్లలకి జుట్టు దువ్వుతున్నావా అనేది. మేక ఈనిందా అనేది.”

అర కిలో తూచి, తూకం సరిపోయాక పైన ఇంకో కొమ్ము వేసింది. సంచిలో వేసుకుని స్టేషన్‌కి నడిచాను. రైలు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. బెంచీ మీద కూర్చుని, అత్తకి ఫోన్ చేసి పసుపు దొరికిందని చెప్పాను.